ట్రోలింగా, మొరటుతనమా, తెలియనితనమా: టెక్నికల్ గ్రూపుల గొడవల్లో తేడా ఎలా పట్టాలి?

అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నవాళ్లు, మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు, ఊరి అంచున ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లు: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌తో ఏ కాస్త సంబంధం ఉన్నా ఫోన్‌లో ఒకటి రెండు టెక్నికల్ గ్రూపులు ఉండే తీరతాయి. వాట్సాప్‌లో కావచ్చు, టెలిగ్రామ్‌లో కావచ్చు, డిస్కార్డ్‌లో కావచ్చు. అక్కడ గొడవ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు అనే మాట "ట్రోల్ చేస్తున్నారు" అని. డాక్యుమెంటేషన్ చదివి రమ్మన్న సీనియర్‌నీ ట్రోల్ అంటారు. అదే ప్రశ్న మూడోసారి అడిగిన కుర్రాణ్ణీ ట్రోల్ అంటారు. రాత్రి పదింటికి "జావా పని అయిపోయింది" అని చిచ్చుపెట్టి తమాషా చూసేవాణ్ణీ ట్రోల్ అనే అంటారు.

ముగ్గురికీ ఒకే పేరు పెట్టాక మందు కూడా ఒకటే వేస్తారు: మందలింపు, లేదంటే గెంటివేత. దాంతో సీనియర్ నొచ్చుకుని జవాబులు ఇవ్వడం మానేస్తాడు, కుర్రాడు భయపడి అడగడం మానేస్తాడు. మూడోవాడు మాత్రం కొత్త నంబరుతో వారంలో తిరిగొస్తాడు.

ఉద్దేశం కనిపించదు, ప్రవర్తన కనిపిస్తుంది

ట్రోలింగ్ అంటే జవాబు అక్కర్లేకుండా, ఎదుటివాళ్లు రెచ్చిపోవడం కోసమే రాయడం. స్పామ్ వేరు. అది ప్రకటన: కోర్సు డిస్కౌంట్లు, "బ్యాక్‌డోర్ జాబ్స్" పోస్టులు ఈ కోవలోవి. వేధింపు ఇంకా వేరు. అది ఒక వ్యక్తిని ఎంచుకుని, గ్రూపు దాటి వాళ్ల ఇన్‌బాక్స్ దాకా వెంటపడటం. అరకొరగా అడిగిన ప్రశ్న, కటువుగా ఇచ్చిన జవాబు ఈ మూడింట్లో దేని కిందకీ రావు. అవి మర్యాదకు సంబంధించిన లోపాలు, సరిదిద్దగలిగినవి.

రాసినవాళ్ల మనసులో ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఊహించడం మానేసి ఒక సూటి ప్రశ్న వేయాలి. తర్వాత వచ్చేదాన్ని బట్టి తీర్మానించాలి. ఉదాహరణకు వెబ్ పేజీలు తయారుచేసే రియాక్ట్ అనే సాధనం గురించి ఒకరు "రియాక్ట్ చెత్త, వాడేవాళ్లకు ప్రోగ్రామింగే రాదు" అని రాశారనుకుందాం. "ఏ ప్రాజెక్టులో, ఏ ఇబ్బంది వచ్చింది?" అని అడగండి. "ఐదు వేల వరుసల టేబుల్ చూపిస్తే స్క్రోల్ ఆగిపోతోంది, రెండు రోజులుగా ఇదే గోల" అన్న జవాబు వస్తే ఆయన విసిగిపోయిన మనిషి. కనిపించే వరుసలను మాత్రమే గీసే వర్చువలైజేషన్ పద్ధతి చెబితే ఆయన పనీ అవుతుంది, గొడవా ఆగుతుంది. "నీకు చెప్పినా అర్థం కాదులే, నువ్వసలు ఏ కంపెనీ?" అని వస్తే విషయం పోయి వ్యక్తి ముందుకొచ్చాడు. ఇంకొక్కసారి అడగవచ్చు. రెండోసారీ అదే తీరైతే ఇక సమాధానం ఇవ్వాల్సిన పని లేదు, అడ్మిన్ చూసుకోవాల్సిన పని ఉంది.

నోరు దురుసు నిపుణుడు ఈ పరీక్షలో ఇంకోలా తేలతాడు. ఆయన వాక్యం గుచ్చుకుంటుంది, కానీ అందులో సమాచారం ఉంటుంది. మాట తీసేసి చూస్తే జవాబు మిగులుతుంది. ట్రోల్ వాక్యంలోంచి గుచ్చుడు తీసేస్తే ఏమీ మిగలదు.

మామూలు మనుషులు కూడా అలా ఎందుకు రాస్తారు?

దీనిపై పరిశోధకుల్లో రెండు వాదనలున్నాయి. ఒకటి, కొందరి స్వభావమే అంత అని. 2014లో కెనడా పరిశోధకులు చేసిన సర్వేలో, ట్రోలింగ్ అంటే సరదా అని చెప్పినవాళ్లలో ఇతరుల బాధ చూసి ఆనందించే లక్షణం బలంగా కనిపించింది. రెండోది, పరిస్థితి తయారు చేస్తుందని. 2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు 667 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరికి తేలికైన క్విజ్, కొందరికి చిరాకు పుట్టించే కష్టమైన క్విజ్ ఇచ్చారు. ఆ తర్వాత ఒక వ్యాసం చదివి కామెంట్ రాయమన్నారు. కొందరికి అప్పటికే ఉన్న కామెంట్లు మామూలువి, కొందరికి రెచ్చగొట్టేవి చూపించారు. మంచి మూడ్‌లో ఉండి, మామూలు కామెంట్లు చూసినవాళ్లలో 35 శాతం మంది ట్రోల్ తరహా కామెంట్లు రాశారు. చిరాకులో ఉండి, చెడ్డ కామెంట్లు కూడా చూసినవాళ్లలో అది 68 శాతానికి చేరింది.

రెండూ నిజమే కావచ్చు, ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదు. అయితే టెక్నికల్ గ్రూపు నడిపేవాళ్లకు పనికొచ్చేది రెండోదే. ఎవరి స్వభావాన్నీ అడ్మిన్ మార్చలేడు. ప్రొడక్షన్ (జనం వాడుతున్న అసలు సిస్టమ్) పడిపోయి, మేనేజర్ ఫోన్లు చేస్తుంటే గ్రూపులోకి వచ్చినవాళ్ల చిరాకునూ తగ్గించలేడు. కానీ మొదటి రెండు మూడు జవాబులు ఎలా ఉంటాయన్నది మాత్రం గ్రూపు చేతిలో ఉంది. చినికి చినికి గాలివాన అయ్యేది ఆ మొదటి జవాబుల దగ్గరే.

సగం గొడవలకు మూలం ప్రశ్నలోనే

తెలుగు గ్రూపుల్లో రోజూ కనిపించే వరుస ఇది. మొదట "హాయ్". కాసేపటికి "ఎవరికైనా డాకర్ వచ్చా?" (ప్రోగ్రామ్‌లను కంటెయినర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం). ఆ తర్వాత లాప్‌టాప్ తెరను ఫోన్‌తో ఏటవాలుగా తీసిన ఫొటో, కింద "ఎర్రర్ వస్తోంది బ్రో, అర్జెంట్". ఫొటోలోని అక్షరాలను కాపీ చేయలేం, వెతకలేం, పై సగం కట్ అయిపోయి ఉంటుంది. సాయం చేయాలనుకున్నవాళ్లు నాలుగైదు ఎదురు ప్రశ్నలు వేయాలి. మూడో ప్రశ్నకు ఓపిక పోతుంది. అక్కడ పుట్టిన ఒక విసుగు మాటను చూసి మిగతావాళ్లు ఎగబడతారు.

అదే సమస్యను ఇలా అడిగితే:

"ఉబుంటు 22.04లో డాకర్ కంపోజ్‌తో జాంగో, పోస్ట్‌గ్రెస్ రెండు కంటెయినర్లుగా నడుపుతున్నాను. పోస్ట్‌గ్రెస్ సరిగ్గానే లేచినట్టు లాగ్‌లో ఉంది. జాంగో నుంచి 5432 పోర్టుకు వెళ్తే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' వస్తోంది. సెట్టింగ్స్‌లో హోస్ట్ 'లోకల్‌హోస్ట్' అని ఇచ్చాను. నా లాప్‌టాప్ నుంచి నేరుగా అయితే కనెక్ట్ అవుతోంది. పూర్తి ఎర్రర్ కింద పేస్ట్ చేశాను."

దీనికి జవాబు ఒక్క ముక్కలో వస్తుంది: కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే, పోస్ట్‌గ్రెస్ ఉన్నది ఇంకోదాంట్లో, కాబట్టి హోస్ట్ దగ్గర కంపోజ్ ఫైల్‌లో డేటాబేస్ సర్వీస్‌కు పెట్టిన పేరు రాయాలి. ఏం చేయాలనుకున్నారు, ఏం చేశారు, పూర్తి ఎర్రర్ అక్షరాల్లో, వెర్షన్లు, ఇప్పటికే ఏం ప్రయత్నించారు. ఈ ఐదూ ఉంటే అడిగినవాళ్లు బద్ధకస్తులన్న అనుమానమే రాదు.

పేస్ట్ చేసే ముందు లాగ్‌లోంచి పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు), కంపెనీ లోపలి సర్వర్ల పేర్లు తీసేయాలి. పొరపాటున కీ బయటపడితే మెసేజ్ డిలీట్ చేస్తే సరిపోదు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండవచ్చు, అన్ని ఫోన్లలోకీ అది చేరిపోయి ఉంటుంది. వెంటనే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే దారి.

ఇంకో చిక్కు: అసలు సమస్య దాచి, తమకు తోచిన పరిష్కారం గురించి అడగడం. "క్రాన్‌తో ప్రతి గంటకూ సర్వర్ రీస్టార్ట్ చేయడం ఎలా?" అని అడుగుతారు (క్రాన్ అంటే అనుకున్న సమయాలకు పనులు నడిపే సాధనం). అసలు సంగతి ప్రోగ్రామ్ మెమరీని వదలకుండా పెంచుకుంటూ పోవడం. "ఎందుకు రీస్టార్ట్ చేయాలనుకుంటున్నారు?" అని అడిగితే అడిగినవాళ్లకు అది తప్పించుకునే ఎదురు ప్రశ్నలా అనిపిస్తుంది, కోపం వస్తుంది. "రీస్టార్ట్ చెయ్యడం ఇలా. అయితే కారణం మెమరీ అయితే వేరే దారి ఉంది, గ్రాఫ్ పెట్టగలరా?" అంటే ఆ అపార్థం రాదు. ముందు అడిగినదానికి చెప్పి, తర్వాత తవ్వడం.

జవాబిచ్చేవాళ్ల వైపు కూడా పట్టింపులున్నాయి. "గూగుల్ చెయ్" అన్నది జవాబు కాదు. ఏ మాటలతో వెతకాలో చెబితే అది జవాబు. ముక్కూమొహం తెలియనివాళ్లను "నువ్వు" అనడం, ఆడవాళ్లున్న చోట అందరినీ కలిపి "బ్రో" అనడం చిన్నవిగా కనిపిస్తాయి గానీ, కొత్తగా చేరినవాళ్లు గ్రూపును అంచనా వేసేది వీటితోనే. ఇంగ్లిష్ తప్పులు ఎత్తి చూపడం, తెలంగాణ యాసనో రాయలసీమ యాసనో అనుకరించి వెక్కిరించడం, "అమీర్‌పేట బ్యాచ్" అనో "ఫేక్ ఎక్స్‌పీరియన్స్" అనో ఎత్తిపొడవడం చిన్నవి కావు. హైదరాబాద్ గ్రూపుల్లో సాంకేతిక చర్చ పరువు గొడవగా మారేది ఎక్కువగా ఇక్కడే. కోర్సు ఎక్కడ చేశారన్నదానికీ, డేటాబేస్‌లో జాయిన్ క్వెరీ ఎందుకు నెమ్మదిగా ఉందన్నదానికీ సంబంధం లేదు.

నిక్కచ్చిగా ఉండాలా, మర్యాదగా ఉండాలా?

ఈ చర్చ చాలా పాతది. 1995 అక్టోబరులోనే నెట్ మర్యాదల మీద ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే మార్గదర్శక పత్రం వచ్చింది. అయినా కఠినంగా మాట్లాడటమే నాణ్యతను కాపాడుతుందన్న నమ్మకం బలంగా నిలిచింది. దానికి పెద్ద ఉదాహరణ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్. లక్షల సర్వర్లు, కోట్ల ఫోన్లు నడిచే కోడ్‌లో తప్పు దూరితే నష్టం ఎంతటిదో తెలిసిందే కాబట్టి, చెత్త ప్యాచ్‌ను (కోడ్‌కు పంపిన మార్పును) చెత్త అనే అనాలన్నది అక్కడి తీరు. 2015లో పెట్టుకున్న చిన్న నియమావళి కూడా కఠిన విమర్శ తప్పదనే చెప్పింది. 2018 సెప్టెంబరులో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తన మాటతీరు మనుషులను నొప్పించిందని బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. అప్పుడే కాంట్రిబ్యూటర్ కవనెంట్ అనే నమూనా ఆధారంగా కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా కొత్తవాళ్లకు, ముఖ్యంగా మహిళలకు, అణగారిన వర్గాలవాళ్లకు తమ దగ్గర ఆదరణ తక్కువేనని ఒప్పుకుంది.

నియమావళులను వ్యతిరేకించేవాళ్ల వాదనను కొట్టిపారేయకూడదు. "అమర్యాద" లాంటి మాటలకు హద్దు లేదు, అడ్మిన్‌కు నచ్చనివాళ్ల మీద అదే ఆయుధమవుతుంది, నాణ్యత అడిగినవాళ్లే నేరస్థులవుతారు అని వాళ్ల భయం. ఆ భయానికి ఆధారం ఉంది, గాలి మాటలతో రాసిన నియమాలు అలాగే వాడబడ్డాయి. "గౌరవంగా ఉండండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే అది నియమం కాదు. "కోడ్ గురించి ఎంతైనా అనండి, రాసినవాళ్ల చదువు, ఊరు, యాస, కంపెనీ, ఆడా మగా అన్నవాటి గురించి అనకండి" అంటే అది నియమం, ఎవరైనా పోల్చి చూసుకోగలరు.

ఆ గీత ఎక్కడుందో రెండు వాక్యాల్లో చూడండి. "ఈ లూప్‌లో ప్రతి వరుసకూ డేటాబేస్‌కు ఒక కాల్ వెళ్తోంది. వెయ్యి వరుసలుంటే వెయ్యి కాల్స్. ఇలాగైతే మెర్జ్ చేయం." ఇందులో మొహమాటం లేదు, అవమానమూ లేదు. "ఇలాంటి కోడ్ రాసేవాళ్లకు ఉద్యోగం ఎవరిచ్చారో" అన్నదాంట్లో అవమానం తప్ప సమీక్ష లేదు, దాన్ని చదివి కోడ్ ఎలా మార్చాలో ఎవరికీ తెలియదు. మొదటి వాక్యమే రెండోదాని కన్నా కఠినమైనదని నా అభిప్రాయం. అది తప్పును వదల్లేదు.

ట్రోల్ లేకుండానే జరిగే నష్టం

దురుద్దేశం ఏమాత్రం లేకుండా కూడా ఒక సమూహాన్ని కుంగదీయవచ్చు. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు సాయపడమని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో మార్పుకు ప్రతిపాదనలు) పంపితే టీషర్టు అన్నారు. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్‌లో ఒక పొగడ్త మాట చేర్చి పంపిన రిక్వెస్టులు వేలాదిగా వచ్చిపడ్డాయి. పంపినవాళ్లలో భారతీయ విద్యార్థులు చాలామంది. వాళ్లు ఎవరినీ ఏడిపించాలనుకోలేదు. కానీ జీతం లేకుండా సాయంత్రాలు ప్రాజెక్టు చూసుకునేవాళ్లకు ఒక్కోటీ తెరిచి, చదివి, మూయడమే సరిపోయింది. నెల మొదటి వారంలోనే నిర్వాహకులు నిబంధన మార్చి, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులకే వర్తించేలా చేయాల్సొచ్చింది. కృత్రిమ మేధ జవాబులదీ అదే బాధ. పరీక్షించకుండా పేస్ట్ చేసిన జవాబు చూడటానికి చక్కగా ఉంటుంది, తప్పని తేల్చడానికి ఇంకొకరి అరగంట పోతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే వాటిని నిషేధించింది. గ్రూపుల్లో కనీస పద్ధతి ఏమిటంటే, నడిపి చూశారో లేదో చెప్పడం.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ ఎక్స్‌జెడ్ యుటిల్స్. ఫైళ్ల సైజు కుదించే పనికి దాదాపు అన్ని లినక్స్ వ్యవస్థల్లోనూ వాడే ఈ సాఫ్ట్‌వేర్‌ను దాదాపు ఒక్కరే ఏళ్ల తరబడి చూసుకుంటూ వచ్చారు. 2022లో, అంతకుముందు జాడలేని ఖాతాలు కొన్ని వరుసగా ఫిర్యాదులు మొదలుపెట్టాయి: ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయి, పగ్గాలు ఇంకొకరికి ఇవ్వండి అని. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నా ఒత్తిడి ఆగలేదు. చివరికి ఓపిగ్గా సాయపడుతున్న "జియా టాన్" అనే ఖాతాకు అధికారాలు దక్కాయి. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి దొంగదారి చేరింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) లాగిన్‌లో అర సెకను ఆలస్యం ఎందుకొస్తోందని తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టారు. అక్కడ బూతు లేదు, మీమ్ లేదు. నస పెట్టడమే ఆయుధం. "ఎంతసేపు? చేతకాకపోతే వదిలేయండి" అని వాలంటీర్ మీద విరుచుకుపడే మాటను గ్రూపులు మామూలు అసహనంగా తీసుకుని ఊరుకుంటాయి. ఊరుకోకూడనిది అదే.

పట్టించుకోకపోతే చాలా?

"వాడికి మేత వేయొద్దు" అన్నది పాత సలహా. గ్రూపును మొత్తంగా రెచ్చగొట్టే పోస్టుకు అది పనిచేస్తుంది, కానీ అందరూ పాటిస్తేనే. ఐదు వందల మందిలో ఒక్కరు జవాబిచ్చినా మేత దొరికినట్టే. ఒక వ్యక్తి మీద గురిపెట్టినప్పుడు మాత్రం అది అసలు పనిచేయదు. అందరి మౌనం ఆ వ్యక్తికి ఒప్పుకోలుగానే వినిపిస్తుంది. అలాంటప్పుడు అడ్మిన్ ఒక్కరు, ఒక్కసారి, బహిరంగంగా గీత గీయాలి.

శుక్రవారం రాత్రి పదింటికి నాలుగు వందల మంది ఉన్న టెలిగ్రామ్ గ్రూపులో "జావా పని అయిపోయింది, ఇంకా స్ప్రింగ్ నేర్చుకునేవాళ్లు అమీర్‌పేట గొర్రెలు" అని పోస్టు పడిందనుకుందాం (స్ప్రింగ్ అంటే జావాలో వాడే ఒక సాధనం). పావుగంటలో నలభై జవాబులు. అడ్మిన్ మొదట చేయాల్సింది వాదన కాదు, వేగం తగ్గించడం. స్లో మోడ్‌ను ఐదు నిమిషాలకు పెడితే ఒక్కొక్కరు ఐదు నిమిషాలకు ఒకటే రాయగలరు, వేడి దానంతట అదే దిగుతుంది. రెండోది, ఏదీ తొలగించకముందే స్క్రీన్‌షాట్లు: ఖాతా పేరు, సమయం, ముందూ వెనకా మాటలు కనపడేలా. తొలగించినవి టెలిగ్రామ్ అడ్మిన్ లాగ్‌లో 48 గంటలే ఉంటాయి. మూడోది, ఒకే ఒక్క మెసేజ్: "జావా భవిష్యత్తు మీద మాట్లాడుకోవచ్చు. ఊళ్లను, కోర్సులను పట్టుకుని తిట్టడం మన నియమాలకు విరుద్ధం, ఆ పోస్టు తీసేశాం." పేరు ఎత్తాల్సిన పని లేదు. నాలుగోది విడిగా రాయడం: ఏ వాక్యం, ఏ నియమం, ఎన్ని గంటలు మ్యూట్. మొదటిసారికి 24 గంటలు, మళ్లీ అయితే వారం, మూడోసారికి తొలగింపు అన్నది చాలా చోట్ల సరిపోయే మెట్లు. బెదిరింపు, ఇతరుల ఫోన్ నంబరో ఫొటోనో పెట్టడం, లైంగిక వేధింపు ఉంటే మెట్లు అక్కర్లేదు, అదే రోజు తొలగింపు.

కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో అయితే చర్చకు తాళం వేయవచ్చు, కొత్త ఖాతాలు రాయకుండా 24 గంటల నుంచి 6 నెలల దాకా ఆపవచ్చు. వాట్సాప్‌లో అడ్మిన్లే రాసేలా కొన్ని గంటలు మార్చవచ్చు. కానీ వాట్సాప్‌కు అసలు లోపం వేరే ఉంది: మామూలు గ్రూపులో సభ్యుల నంబర్లు అందరికీ కనిపిస్తాయి. ఒక అమ్మాయి గ్రూపులో ప్రశ్న అడిగిన గంటకే "హాయ్, నేను హెల్ప్ చేస్తా" అని విడిగా మెసేజ్‌లు మొదలవడం దానివల్లే. ఎవరైనా చేరగలిగే గ్రూపును నంబరు దాచుకునే వీలున్న టెలిగ్రామ్‌లోనో డిస్కార్డ్‌లోనో పెట్టడం మేలు. "అడగకుండా విడిగా మెసేజ్ చేయరాదు" అని పిన్ చేసి ఉంచాలి.

ఇవన్నీ తెలిసినా గ్రూపులు పాడయ్యేది అడ్మిన్ల పొరపాట్లతోనే. కారణం చెప్పకుండా డిలీట్ చేస్తే పక్షపాతమన్న అనుమానం వస్తుంది. "మనోడే" అని పాత సభ్యుణ్ణి వదిలేస్తే నియమం చచ్చినట్టే, అది ఎన్నో మంచి గ్రూపులను మింగింది. తన మీదే వచ్చిన విమర్శకు తానే శిక్ష వేసే అడ్మిన్ అన్నిటికన్నా ప్రమాదం. కనీసం ముగ్గురు అడ్మిన్లుంటే, గొడవలో ఉన్నవారు తప్పుకుని మిగతా ఇద్దరు తేల్చగలరు, శిక్ష పడినవాళ్లకు మళ్లీ అడిగే చోటూ ఉంటుంది.

అసలు పేరు తప్పనిసరి చేస్తే?

చాలామందికి తోచే పరిష్కారం ఇది. దక్షిణ కొరియా 2007లో పెద్ద సైట్లన్నిటా గుర్తింపు ధ్రువీకరణ తప్పనిసరి చేసి చూసింది. 2011లో అక్కడి ఒక పెద్ద సేవ నుంచి 3.5 కోట్ల ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయి. 2012లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. మనకైతే ఇంకో సంగతి ఉంది: ఇక్కడ పేరు చూడగానే కులం, మతం, ప్రాంతం అంచనా వేస్తారు. మారుపేరు కొందరికి దాక్కునే చోటైతే, కొందరికి భయం లేకుండా ప్రశ్న అడిగే చోటు. గ్రూపుకు కావాల్సింది నిలకడగా ఉండే పేరు, అది అసలుదే కానక్కర్లేదు.

చట్టం ఎక్కడ మొదలవుతుంది?

మొరటుతనం నేరం కాదు. "అభ్యంతరకర" సందేశాలకు జైలు విధించిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. దాని పేరు చెప్పి బెదిరించడానికి ఇప్పుడు వీల్లేదు. కానీ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, వద్దన్నా ఆన్‌లైన్‌లో ఒక మహిళ వెంటపడటం 78వ సెక్షన్ కింద నేరం. చంపుతాననో పరువు తీస్తాననో బెదిరించడం 351వ సెక్షన్ కిందకు వస్తుంది, పేరు దాచి బెదిరిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది. ఇంకొకరి పాస్‌వర్డో డిజిటల్ గుర్తింపో మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సీ పరిధిలోకి వస్తుంది.

సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ జైలుకు వెళ్తాడన్న భయం చాలామందిలో ఉంది. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పిందేమిటంటే, అడ్మిన్ అయినంత మాత్రాన ఆ బాధ్యత అంటదని. ముందే కూడబలుక్కుని చేసినట్టు తేలితే సంగతి వేరు.

ఫిర్యాదుకు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వవచ్చు. మహిళలు పోలీసుల షీ టీమ్స్‌ను కూడా సంప్రదించవచ్చు. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాల కోసం. వెళ్లేటప్పుడు స్క్రీన్‌షాట్లతోపాటు మెసేజ్ లింకులు, ఖాతా యూజర్‌నేమ్, వాట్సాప్ అయితే ఎక్స్‌పోర్ట్ చేసిన చాట్ తీసుకెళ్లాలి. డిస్‌ప్లే పేరు నిమిషంలో మార్చేసుకోవచ్చు కాబట్టి అదొక్కటే ఉన్న స్క్రీన్‌షాట్ ఎందుకూ పనికిరాదు. ఆ మెసేజ్‌లు వచ్చిన ఫోన్‌ను ఫిర్యాదు తేలేదాకా ఫార్మాట్ చేయకూడదు, ఆ చాట్ చెరిపేయకూడదు.